బాగ్దాదు నుండి వాల్తేరు దాకా: అంకెల చరిత్రలో కొన్ని పుటలు

ప్రతి ఏటా మన సొసైటీ సావనీరులో పెద్దల జీవిత విశేషాలు, పిల్లల చదువుల స్థితిగతులు, జమాఖర్చుల వివరాలు చోటు చేసుకోవడం ఆనవాయితీ. ఈసారి మేము అంకెల చరిత్రను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచాము. లెక్కల వ్యాసమా అని పుట తిప్పెయ్యకండి. కూడిక, గుణకారం, భాగహారం వచ్చినవారెవరైనా దీన్ని చదవవచ్చు. పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఈ విషయాన్నే ఎందుకు ఎంచుకున్నామంటే, ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనే మాకు ఏటా రెండు రకాల మాటలు వినపడుతుంటాయి. మొదటిది తల్లిదండ్రుల మాట. "మా వాడికి లెక్కలు ఎక్కవు సార్, ఏదో పాసు మార్కులు వస్తే చాలు" అంటారు. ఆడపిల్ల అయితే ఆ మాట కూడా అనరు, లెక్కల ఊసే ఎత్తరు. రెండవది సభల్లో వినపడే మాట. "ఆల్జీబ్రా మనవాళ్ళదే, ప్రపంచానికి లెక్కలు నేర్పింది మనమే" అని చప్పట్ల మధ్య చెబుతారు. మొదటి మాటలో భయం ఉంది, రెండవ మాటలో గొప్ప ఉంది. భయపడ్డవాడూ పలక పట్టడు, గొప్పలు చెప్పేవాడూ పలక పట్టడు. అసలు చరిత్ర ఈ రెంటికీ మధ్యన ఉన్నది. అది తెలిస్తే మన పిల్లలు పలక పడతారని మా ఆశ.

విడిపోని సంఖ్యలు

మన ఊరు రేవు పట్టణం. 1933లో విశాఖ హార్బరు తెరిచిన నాటినుండి బస్తాలు లెక్కపెట్టడం ఇక్కడివారికి వెన్నతో పెట్టిన విద్య. 12 బస్తాలు ఇస్తే వరసకు నాలుగు చొప్పున మూడు వరసలు పేర్చవచ్చు, వరసకు ఆరు చొప్పున రెండు వరసలు పేర్చవచ్చు. అదే 13 బస్తాలు ఇచ్చి సమానమైన వరసల్లో పేర్చమంటే ఎంతటి మేస్త్రీ అయినా చేతులెత్తేస్తాడు. ఒకే పొడుగాటి వరస తప్ప గత్యంతరం లేదు. ఈ 13 వంటివే ప్రధాన సంఖ్యలు. 1 చేత, తన చేత తప్ప మరి దేనిచేతా నిశ్శేషంగా భాగించబడనివి. మా ఉర్దూ పాఠాల్లో వీటిని ముఫ్రద్ అదద్ అంటాము. 12 వంటివి సంయుక్త సంఖ్యలు, అనగా మురక్కబ్ అదద్.

సెలవు నాడు యారాడ తీరానికి వచ్చే కుటుంబాలు పిల్లల చేత ఈ పని చేయించవచ్చు. గుప్పెడు గవ్వలో గులకరాళ్ళో ఏరించి, ఇసుకలో వరసలుగా పేర్చమనండి. ఏ లెక్కకు చతురస్రంగానో, దీర్ఘచతురస్రంగానో కుదురుతుంది, ఏ లెక్కకు కుదరదు అన్నది పిల్లలే కనిపెడతారు. యారాడలో ఉంటున్న మేము చూసినంతలో, నల్లబల్ల మీద పది రోజులు చెప్పినదానికంటే ఇసుకలో పది నిమిషాలు పేర్చినది గట్టిగా నిలుస్తుంది.

1 నుండి 100 లోపల ఇలాంటి ప్రధాన సంఖ్యలు 25 ఉన్నాయి. వాటిని ఏరడానికి గ్రీకు పండితుడు ఎరతోస్తనీస్ రెండు వేల రెండు వందల ఏళ్ళ క్రితం ఒక జల్లెడ చెప్పాడు. 2 ఉంచి దాని ఎక్కాన్ని కొట్టివేయండి, 3 ఉంచి దాని ఎక్కాన్ని కొట్టివేయండి, ఆపైన 5, ఆపైన 7. మిగిలినవన్నీ ప్రధాన సంఖ్యలే. ఎక్కాలు వచ్చిన పిల్లలకు ఇది అరగంట పని.

అయితే ఏరడం వేరు, పుట్టించడం వేరు. ఏదో ఒక సూత్రం పెట్టి దాన్లోంచి వరసగా ప్రధాన సంఖ్యలు రప్పించాలని మనిషికి ఎప్పటినుండో కోరిక. ఈ కోరిక గొప్ప పండితులకూ ఉన్నది, ఏ డిగ్రీ లేని సామాన్యులకూ ఉన్నది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ వరస చూడండి: 31, 331, 3331, 33331, 333331, 3333331, 33333331. ఏడూ ప్రధాన సంఖ్యలే. ఎనిమిదోది కూడా అంతేనని ఎవరికైనా అనిపిస్తుంది. కాని 333333331 అన్నది 17 × 19607843. ఏడుసార్లు నిజమైనది ఎనిమిదోసారి బెడిసికొట్టింది.

పెద్దలకూ ఇదే అనుభవం. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు ఫెర్మా అనే ఆయన, వృత్తిచేత న్యాయాధికారి, తీరిక వేళల్లో లెక్కలు చేసుకొనేవాడు. 3, 5, 17, 257, 65537 అనే వరసను చూసి, ఈ పద్ధతిలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. 1732లో ఆయిలర్ ఆ తరువాతి సంఖ్య 4294967297ను తీసుకొని 641 × 6700417 అని విడగొట్టి చూపాడు. ఆ ఆయిలరే 1772లో మరొక అందమైన సూత్రం చెప్పాడు. ఒక సంఖ్యను దానితోనే గుణించి, ఆ సంఖ్యనే కలిపి, 41 కలపండి. 0 నుండి 39 వరకు ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 పెడితే మాత్రం 1681 వస్తుంది, అది 41 × 41. నలభై మెట్లు ఎక్కించి నలభై ఒకటో మెట్టు దగ్గర దింపేసే సూత్రమిది. అంచేత వరస కనబడడం సగం పని మాత్రమే. అది ఎక్కడ తెగుతుందో వెదకడం, తెగకపోతే ఎందుకు తెగదో రుజువు చేయడం మిగతా సగం. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందుముందు దీనితో పని ఉన్నది.

పరిపూర్ణ సంఖ్యల కథ

6ను తీసుకోండి. దాన్ని భాగించే సంఖ్యలు, అదే తప్ప, 1, 2, 3. కూడితే మళ్ళీ 6. అలాగే 28కి 1, 2, 4, 7, 14. కూడితే 28. ఇలాంటివాటిని పరిపూర్ణ సంఖ్యలన్నారు. వీటిని తయారుచేసే పద్ధతి యూక్లిడ్ చెప్పాడు. 1తో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ కూడండి: 1 + 2 = 3. మొత్తం ప్రధాన సంఖ్య అయితే, చివర కూడినదానితో గుణించండి: 3 × 2 = 6. ఆపైన 1 + 2 + 4 = 7, దాన్ని 4తో గుణిస్తే 28. 8 కూడా కలిపితే 15, అది ప్రధాన సంఖ్య కాదు, వదిలేయండి. 16 కలిపితే 31, దాన్ని 16తో గుణిస్తే 496. ఆ తరువాతిది 127 × 64 = 8128. అంటే 3, 7, 31, 127 వంటి ప్రధాన సంఖ్య ఒకటి దొరికితే ఒక పరిపూర్ణ సంఖ్య దొరికినట్లే.

క్రీ.శ. 100 ప్రాంతపు నికోమాకస్‌కు ఈ నాలుగూ తెలుసు. ఆయన వాటిని చూసి రెండు వరసలు ఊహించాడు. ఒక అంకె సంఖ్యల్లో ఒకటి, రెండంకెల్లో ఒకటి, మూడంకెల్లో ఒకటి, నాలుగంకెల్లో ఒకటి ఉన్నాయి గనుక ఇలాగే సాగుతాయని ఒకటి. చివరి అంకె 6, 8, 6, 8గా మారుతుంటుందని రెండవది. రెండూ తప్పే. అయిదో పరిపూర్ణ సంఖ్య 33550336, దానికి ఎనిమిది అంకెలు. ఆరోది 8589869056, అది కూడా 6 తోనే ముగుస్తుంది. నాలుగు చూసి లోకమంతా ఇంతే అనుకోవడం ఎంత ప్రమాదమో గమనించండి.

నికోమాకస్ గ్రంథాన్ని అరబ్బీలోకి తెచ్చినవాడు సాబిత్ ఇబ్న్ ఖుర్రా (836-901). ఈయన గురించి మన పిల్లలకు తప్పక చెప్పాలి. హర్రాన్ పట్టణంవాడు, నాణేల మారకం పని చేసేవాడని చెబుతారు. ఆయన పాండిత్యం చూసి మూసా కుమారులలో ఒకరైన ముహమ్మద్ బాగ్దాదుకు రప్పించుకున్నాడు. సాబిత్ ముస్లిం కాడు, సాబియన్ మతస్థుడు. అయినా బాగ్దాదు అతనికి పీట వేసింది. ఆనాటి బాగ్దాదు గొప్పతనం ఇక్కడున్నది. ఎవడేమిటని అడగక, ఏం తెలుసునని అడిగింది.

సాబిత్ స్నేహ సంఖ్యలకు ఒక సూత్రం కనుగొన్నాడు. 220ని భాగించే సంఖ్యలు 1, 2, 4, 5, 10, 11, 20, 22, 44, 55, 110. కూడితే 284. 284ను భాగించేవి 1, 2, 4, 71, 142. కూడితే 220. ఒకదాని గుండెలో మరొకటి ఉన్నట్లు లేదూ? ఈ జంట పాతవారికి తెలిసినదే. సాబిత్ చెప్పినది, ఇలాంటి జంటలను పుట్టించే విధానం. మూడు సంఖ్యలు తయారు చేసుకోవాలి. 220 విషయంలో అవి 5, 11, 71. ఎలా వచ్చాయంటే 3 × 2 లోంచి ఒకటి తీస్తే 5, 3 × 4 లోంచి ఒకటి తీస్తే 11, 9 × 8 లోంచి ఒకటి తీస్తే 71. మూడూ ప్రధాన సంఖ్యలయితేనే జంట కుదురుతుంది. అప్పుడు 4 × 5 × 11 = 220, 4 × 71 = 284. తరువాతి మెట్టులో 11, 23, 287 వస్తాయి. 287 అంటే 7 × 41, కాబట్టి జంట లేదు. ఆపై మెట్టులో 23, 47, 1151 వస్తాయి. మూడూ ప్రధానమే. 16 × 23 × 47 = 17296, 16 × 1151 = 18416. ఈ జంట లెక్కించినవాడు ఇరాన్ దేశస్థుడు కమాలుద్దీన్ అల్ ఫారిసీ, సుమారు 1300 ప్రాంతంలో. ఇంద్రధనుస్సు రంగుల కారణం చెప్పిన ఫారిసీ ఈయనే. ఇదే జంటను 1636లో ఫెర్మా మళ్ళీ కనుగొన్నాడు. 17వ శతాబ్దంలో ముహమ్మద్ బాకిర్ యజ్దీ 9363584, 9437056 అనే జంటను చూపాడు. యూరపులో ఇది 1638లో డెకార్ట్ పేర వచ్చింది.

ఇంకొక విశేషం. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్, ఒక సంఖ్య ప్రధానమా కాదా అన్నదానికి ఒక పరీక్ష వాడాడు. ఆ సంఖ్యకు లోపలి సంఖ్యలన్నిటినీ గుణించి ఒకటి కలపండి. అసలు సంఖ్యతో నిశ్శేషంగా భాగింపబడితే అది ప్రధానం. 5కు 1 × 2 × 3 × 4 = 24, ఒకటి కలిపితే 25, పోతుంది. 6కు 120 + 1 = 121, పోదు. 7కు 720 + 1 = 721, పోతుంది. ఇది నేడు పుస్తకాల్లో విల్సన్ సిద్ధాంతమనే పేరుతో ఉన్నది. దాని రుజువు 1771లో లగ్రాంజ్ ఇచ్చాడు.

ఇంతవరకు చదివి సంతోషించిన పాఠకులకు ఒక చేదు మాత్ర కూడా ఇవ్వాలి. ఇబ్న్ ఫల్లూస్ (1194-1239) అనే గణితవేత్త పది పరిపూర్ణ సంఖ్యల పట్టిక రాశాడు. మొదటి ఏడూ సరైనవే. ఏడోది 137438691328. ఆ కాలంలో చేతి లెక్కతో అంతదూరం పోవడం సామాన్యం కాదు. కాని చివరి మూడు తప్పు. సభల్లో మనం ఏడింటి గురించే చెబుతాము. మా దృష్టిలో మిగతా మూడింటిని గురించి కూడా పిల్లలకు చెప్పాలి. ఎందుకంటే ఏడు సరిగ్గా చెప్పినవాణ్ణి గౌరవిస్తూనే, ఎనిమిదోదాన్ని మళ్ళీ భాగించి చూడటమే శాస్త్రం. పెద్దవారు రాశారని ఊరుకుంటే లెక్క అక్కడే ఆగిపోతుంది.

దానికి తార్కాణం 1866లో దొరికింది. సాబిత్, ఫెర్మా, డెకార్ట్, ఆయిలర్ వంటి ఉద్దండులందరి చూపూ తప్పించుకొన్న ఒక చిన్న స్నేహ జంటను ఇటలీలో పదహారేళ్ళ కుర్రవాడు పట్టుకున్నాడు. పేరు నికోలో పగనీని. ఆ జంట 1184, 1210. నాలుగంకెల సంఖ్యలు! సాబిత్ సూత్రంలో ఇవి ఇమడవు, అందుకే సూత్రాన్ని పట్టుకు వెళ్ళినవారికి కనబడలేదు. మన తొమ్మిదో తరగతి పిల్లలు పెన్సిలు పట్టుకొని ఈ జంటను సరిచూడవచ్చు.

మన నేల మీద

సాబిత్ బాగ్దాదులో ఉన్న ఆ శతాబ్దంలోనే, దక్కనులో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు గణితసారసంగ్రహం రాశాడు. ఆయనకు హారంలా కనిపించే సంఖ్యలంటే ముచ్చట. 139 × 109 = 15151. 152207 × 73 = 11111111. 27994681 × 441 = 12345654321. ముందునుంచి చదివినా వెనుకనుంచి చదివినా ఒకటే. ఈ గ్రంథాన్ని పావులూరి మల్లన సుమారు 11వ శతాబ్దంలో తెలుగులో పద్యాలుగా చెప్పాడు. అంటే తెలుగు సాహిత్యం తొలి అడుగులు వేస్తున్న రోజుల్లోనే తెలుగువారికి లెక్కల పుస్తకం ఉన్నది. సంస్కృతంలో ఉన్నది తెలుగులోకి, గ్రీకులో ఉన్నది అరబ్బీలోకి. ఎక్కడైనా చదువు పెరిగింది తర్జుమాతోనే.

ఉర్దూలో కూడా ఆ పని జరిగింది. హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డప్పుడు, పై చదువులు ఉర్దూలో చెప్పడానికి దారుల్ తర్జుమా పెట్టి లెక్కల పుస్తకాలు, సైన్సు పుస్తకాలు తర్జుమా చేయించారు. ఉస్మానియాలో చదివిన రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జిలో చదివి, జర్మనీలో హైసెన్‌బర్గ్ వద్ద డాక్టరేటు చేసి, తిరిగి వచ్చి ఉస్మానియాలో లెక్కలు బోధించాడు. ఉర్దూ మీడియం పిల్లలకు లెక్కలు రావు అనేవారికి ఇంతకంటే జవాబు అక్కరలేదు.

ఇక తెలుగునాట డిగ్రీలు లేని గణిత మేధావి అంటే లక్కోజు సంజీవరాయ శర్మగారిని (1907-1998) తలచుకోవాలి. కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో పుట్టారు. పుట్టు అంధులు. అక్కగారు బడి పాఠాలు పైకి చదువుతుంటే విని లెక్కలు నేర్చారు. ఊరూరా గణితావధానాలు చేశారు. 1966లో హైదరాబాదు సభలో 2 యొక్క 103వ ఘాతం ఎంత అని అడిగితే 32 అంకెల జవాబు నోటితో చెప్పారు. అది 10141204801825835211973625643008. ఇప్పుడు మన కథతో దీనికి ఒక సంబంధం ఉంది. ఈ సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య అవుతుందా? యూక్లిడ్ పద్ధతికి కావలసినది అదే కదా. 103 ప్రధానమే అయినా, జవాబు కాదు అని. దాన్ని 2550183799 నిశ్శేషంగా భాగిస్తుంది. వేగంగా లెక్కించడం ఒక వరం. సంఖ్య లోపల ఏముందో తెలుసుకోవడం మరో విద్య. రెండూ వేరు వేరు.

ఆ రెండో విద్యకు మన విశాఖే ఒక కేంద్రమని చాలామందికి తెలియదు. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వి. రామస్వామిగారు సంఖ్యాశాస్త్రంలో పరిశోధన చేశారు. చిన్న చిన్న ప్రధాన సంఖ్యల గుణకారంతోనే తయారయ్యే సంఖ్యలు ఒక హద్దు లోపల ఎన్ని ఉంటాయన్న ప్రశ్నపై ఆయన వ్యాసం 1949లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. అలాంటి సంఖ్యలే నేడు పెద్ద సంఖ్యలను విడగొట్టే పద్ధతులకు ఆధారం. సెల్ ఫోనులో డబ్బు పంపేటప్పుడు ఆ లావాదేవీని కాపాడే తాళాల్లో పెద్ద ప్రధాన సంఖ్యల మీద ఆధారపడ్డవి ఉన్నాయి. ఆ తాళం ఎంత గట్టిదో తేల్చేది ఈ పద్ధతులే.

1969లో అదే వాల్తేరు నుండి డి. సూర్యనారాయణగారు రెండు పుటల చిన్న వ్యాసంలో సూపర్ పర్ఫెక్ట్ సంఖ్యలనే కొత్త జాతిని ప్రపంచానికి పరిచయం చేశారు. ఆయన ఆలోచన ఇది. ఒక సంఖ్యను భాగించే సంఖ్యలన్నీ, అసలు సంఖ్యతో సహా, కూడండి. వచ్చిన మొత్తానికి మళ్ళీ అదే పని చేయండి. చివరకు మొదటి సంఖ్యకు సరిగ్గా రెట్టింపు వస్తే అది సూపర్ పర్ఫెక్ట్. 4తో చూద్దాం. 1 + 2 + 4 = 7. 7కు 1 + 7 = 8. అది 4కు రెట్టింపు. 16కు మొత్తం 31, 31కి 32. సరిపోయింది. మధ్యలో 8ని వేసి చూడండి. మొత్తం 15 వస్తుంది, 15కు 1 + 3 + 5 + 15 = 24. కావలసింది 16. కుదరలేదు. ఎందుకు కుదరలేదు? 7, 31 ప్రధానం, 15 కాదు. సరి సంఖ్యల్లో సూపర్ పర్ఫెక్ట్ అయ్యేవి ఇలా ప్రధాన సంఖ్య వచ్చే 2 యొక్క ఘాతాలు మాత్రమేనని, ఇంకేవీ ఉండవని సూర్యనారాయణగారు రుజువు చేశారు. ఊహ కాదు, రుజువు. బేసి సంఖ్యల్లో అలాంటిది ఉందా లేదా అన్నది నేటికీ తేలలేదు.

గుంటూరు జిల్లా యాజలిలో 1921లో పుట్టిన మతుకుమల్లి వి. సుబ్బారావుగారు కూడా ఈ దారిలోనివారే. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో స్థిరపడి, 1966లో వారెన్ అనే సహచరుడితో కలిసి మరో జాతిని ప్రకటించారు. ఇక్కడ ఒక సంఖ్యను రెండుగా విడగొట్టినప్పుడు ఆ రెంటికీ ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. ఉదాహరణకు 60ని 4 × 15గా తీసుకోవచ్చు, 2 × 30గా కూడదు, ఎందుకంటే రెంటిలోనూ 2 ఉన్నది. అలా ఏరితే 60కి 1, 3, 4, 5, 12, 15, 20 మిగులుతాయి. కూడితే 60. ఇలాంటివి వారు నాలుగు చూపారు: 6, 60, 90, 87360. అయిదోది 1975లో వాల్ అనే ఆయన ప్రకటించాడు, దానికి 24 అంకెలు. ఆరోది ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. సుబ్బారావుగారు 2006లో కన్నుమూశారు.

పలక పట్టినవాడిదే లెక్క

ఇవన్నీ యూనివర్సిటీ పండితుల పనులని కొందరు అనవచ్చు. పగనీని కుర్రవాణ్ణి చూశాము. ఇంకా వినండి. 2 యొక్క 61వ ఘాతంలోంచి ఒకటి తీస్తే ప్రధాన సంఖ్య అని 1883లో తేల్చినవాడు పెర్వూషిన్ అనే రష్యా పల్లెటూరి చర్చి గురువు. 89వ ఘాతం సంగతి 1911లో, 107వ ఘాతం సంగతి 1914లో తేల్చినవాడు పవర్స్ అనే అమెరికా రైల్వే ఉద్యోగి. 1978లో కాలిఫోర్నియాలో నికెల్, నోల్ అనే పద్దెనిమిదేళ్ళ విద్యార్థులిద్దరు కంప్యూటరు సాయంతో 6533 అంకెల ప్రధాన సంఖ్యను పట్టారు.

మన దేశంలో కాప్రేకర్ (1905-1986) నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులు. మాలాంటివాడే. నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి, అంకెలన్నీ ఒకటే కాకూడదు. అంకెలను పెద్దనుంచి చిన్నకు పేర్చి, దాన్లోంచి చిన్ననుంచి పెద్దకు పేర్చినది తీసేయండి. 3524 అయితే 5432 − 2345 = 3087. మళ్ళీ 8730 − 0378 = 8352. మళ్ళీ 8532 − 2358 = 6174. ఇక అక్కడే నిలిచిపోతుంది. ఏ సంఖ్యతో మొదలెట్టినా ఏడు మెట్ల లోపల 6174కు చేరుతుంది. కాప్రేకర్ 1949లో దీన్ని కనుగొన్నాడు. మొదట్లో మన దేశపు పండితులు కొందరు ఆయన పనిని చిన్నచూపు చూశారు. తరువాత ప్రపంచమంతా ఆ సంఖ్యను ఆయన పేరుతోనే పిలిచింది.

ఇక నేటి సంగతి. 1996 నుండి ప్రపంచంలో వేలాదిమంది తమ ఇళ్ళలోని కంప్యూటర్లను ఈ వేటకు అప్పగించి కలిసి పని చేస్తున్నారు. 2024 అక్టోబరులో లూక్ డ్యూరాంట్ అనే ఔత్సాహికుడు 2 యొక్క 136279841వ ఘాతంలోంచి ఒకటి తీస్తే ప్రధాన సంఖ్య అని తేల్చాడు. దానికి 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు. ఈ జాతిలో అది 52వది. పాఠకులు ఇక్కడ కొంచెం ఆగాలి. యూక్లిడ్ చెప్పిన ప్రకారం దానితోపాటు 52వ పరిపూర్ణ సంఖ్య దొరికింది. సూర్యనారాయణగారు రుజువు చేసిన ప్రకారం దానితోపాటే 52వ సూపర్ పర్ఫెక్ట్ సంఖ్యా దొరికింది. అనగా, ఎక్కడో ఒక ప్రధాన సంఖ్య దొరికిన రోజున వాల్తేరులో 1969లో తెరిచిన ఖాతాలో కూడా ఒక పద్దు జమ పడింది. మనం సముద్రం ఒడ్డున నడుస్తూ పక్కనే చూసే ఆ భవనాల్లో జరిగిన పని ఇది. గ్రీకువాడు, సాబియన్, ముస్లిం, జైనుడు, క్రైస్తవ గురువు, తెలుగు బ్రాహ్మణుడు, రైల్వే గుమాస్తా, బడి పిల్లలు, అందరూ ఒకే ఖాతాలో వేశారు. ఇది మనదా అని అడిగితే, వేసినవాడిదల్లా అని జవాబు.

సొసైటీకి మా మనవి

చరిత్ర చెప్పి ఊరుకుంటే లాభం లేదు గనుక మూడు పనులు మనవి చేస్తున్నాము.

ఒకటి. ఉర్దూ మీడియంలో పదో తరగతి దాటి ఇంగ్లీషు మీడియంలో చేరిన పిల్లలు లెక్క రాక కాదు, మాట తెలియక వెనకబడుతున్నారు. ముఫ్రద్ అదద్ అని నేర్చుకున్న అమ్మాయికి ప్రైమ్ నంబర్ అంటే అదేనని ఎవరూ చెప్పరు. ఆ అమ్మాయి తనకేమీ రాదనుకుంటుంది. జుజ్వె జర్బీ, కారణాంకం, ఫ్యాక్టర్ ఒకటేనని చూపే చిన్న పుస్తకం, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు వరసల్లో, సొసైటీ అచ్చు వేయించాలి. ఖర్చు స్వల్పం. మాటలు ఏర్చి కూర్చే పని మాలాంటి ఉపాధ్యాయులం చేసి పెడతాము.

రెండు. ఆదివారం పూట ఒక గంట పిల్లలను కూర్చోబెట్టాలి. పాఠం వద్దు, పరీక్ష వద్దు. ఏదైనా ఒక సంఖ్యల వరస తెచ్చిన పిల్లకు శభాష్ అనాలి. ఆ వరస ఎక్కడ తెగిందో చూపిన పిల్లకు బహుమతి ఇవ్వాలి. రెండో పిల్లకే పెద్ద బహుమతి ఇవ్వమని మా అభిప్రాయం. ఎందుకో పైన చెప్పాము.

మూడు. ఆ గంటకు ఆడపిల్లలను కూడా పంపండి. పుట్టంధుడైన తమ్ముడికి గణితం చెవిలో పోసినది ఒక అక్క అన్నది మరవకండి. ఆ అక్కగారు ఎంత లెక్క చేయగలిగేవారో ఎవరూ అడిగి చూడలేదు.

పోర్టులో, స్టీల్ ప్లాంటులో షిఫ్టు చేసి అలసి వచ్చే తండ్రులకు పిల్లల లెక్కలు చూసే తీరిక ఉండదని మాకు తెలుసు. లెక్క చెప్పమని మేము అడగడం లేదు. రాత్రి అన్నాల వేళ ఒక్క ప్రశ్న వేయండి: "బేటా, 91 ప్రధాన సంఖ్యేనా?" చూడగానే అవునని అనిపిస్తుంది. జవాబు మేము ఇక్కడ రాయము. 7వ ఎక్కం వచ్చిన పిల్లలు మీకు చెబుతారు.